పాత దీవెన నీళ్లు

ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలోని మా ఫ్లాట్‌లో, నేను పడుకునే గదిలో, బీరువా పక్కన చెక్క స్టూలు మీద ఐదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉండేది. దాని మూత మీద నల్ల మార్కర్‌తో సిలువ గీశాను. అందులో ఉన్నవి దీవించిన నీళ్లు. అదీ పాత పద్ధతిలో దీవించినవి. ఈ తేడా నాకు ఎంత పెద్దదో ముందు చెప్పకపోతే ఆ శుక్రవారం నాకు తగిలిన దెబ్బ ఎవరికీ అర్థం కాదు.

మా నాన్న గుంటూరు వైపు ఒక పల్లెలో ఉపదేశి. ఫాదరు గారు నెలకోసారి సైకిల్ మీద వచ్చి పూజ చేసి వెళ్లేవారు. మిగతా రోజుల్లో గుడి తాళాలు, జపాలు, పిల్లల పాఠాలు అన్నీ మా నాన్నవే. ఫాదరు గారు నీళ్లు దీవించేటప్పుడు పుస్తకం పట్టుకునేది కూడా ఆయనే. ముందు ఉప్పు మీద ప్రార్థన, తర్వాత నీళ్ల మీద ప్రార్థన, ఆ పైన ఉప్పును మూడుసార్లు సిలువ ఆకారంలో నీళ్లలో చల్లి ఇంకో ప్రార్థన. ఆ పాత లాటిన్ ప్రార్థనల్లో గురువు ఉప్పుతోనూ నీళ్లతోనూ నేరుగా మాట్లాడతాడు. నీలో చెడు ఏదన్నా ఉంటే వెళ్లిపోవాలి అని వాటికి ఆజ్ఞ ఇస్తాడు. నీళ్లు ఏమన్నా జవాబు చెబుతాయేమోనని నేను బిందెలోకి తొంగి చూసేవాణ్ణి.

మా నాన్న నేర్పిన నియమం ఒకటుంది. దీవించిన నీళ్లు తరిగిపోతుంటే మామూలు నీళ్లు కలుపుకోవచ్చు, కానీ కలిపేవి ఉన్నవాటికంటే తక్కువ ఉండాలి. అప్పుడు మొత్తానికీ దీవెన అంటుతుంది.

నేను రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. వచ్చిన సరుకు విప్పి, కొలిచి, సరిగ్గా ఉందని సంతకం పెట్టడం నా పని. డైరీ రాయడం అంతకుముందు, స్కూల్ రోజుల నుంచీ ఉంది. ఇక్కడి గుడిలో మంగుళూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి ఫాదరు గారు ఉండేవారు. అడిగినవాళ్లకు పాత పుస్తకం తీసి, ఉప్పుతో సహా మొత్తం చదివేవారు. నా వాచీ ప్రకారం తొమ్మిది నిమిషాలు. ఆయనకు బదిలీ అయినప్పుడు, వెళ్లేముందు నా కోసం ఆ డబ్బా నిండా దీవించి ఇచ్చారు.

ఆయన స్థానంలో కేరళ నుంచి నలభై దాటని ఫాదరు గారు వచ్చారు. ఆయన పూజ చివర, "దీవించాల్సినవి ఏమున్నా పైకెత్తండి" అంటారు. జపమాలలు, స్వరూపాలు, కారు తాళాలు, నీళ్ల బాటిళ్లు లేస్తాయి. ఒక చిన్న ప్రార్థన, ఒక సిలువ గుర్తు. అంతే. మొదటిసారి చూసినప్పుడు నేను బల్ల మీద అలాగే కూలబడ్డాను. ఆ రోజు డైరీలో "ఇది దీవెనా, వీడ్కోలా?" అని రాశాను. అప్పటి నుంచి గుడి తొట్టిలోని నీళ్లు ఇంటికి తేవడం మానేశాను. నా డబ్బా నాకుంది. అది తగ్గినప్పుడల్లా స్టీలు కొలపాత్రతో ట్యాపు నీళ్లు కలిపేవాణ్ణి. ఎంత ఉంది, ఎంత కలిపాను, ప్రతిసారీ డైరీలో ఎక్కేది. ఒక్కసారి కూడా సగానికి మించలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం సెలవులకు ఊరెళ్లాం. నా భార్య ఇక్కడ స్కూల్‌లో టీచరు. స్కూల్ తెరుస్తారని ఆమె ముందు తిరిగి వచ్చింది, నేను మూడు వారాలు ఆలస్యంగా వచ్చాను. మేం లేని రెండు నెలలూ ఏసీ లేక ఇల్లు కాలిపోయి ఉంటుంది, డబ్బాలో నీళ్లు ఏమయ్యాయో అని దారంతా దిగులు. వచ్చీరాగానే మూత తీశాను. నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన లేదు. నాలుక మీద చుక్క వేసుకుంటే అదే సన్నటి ఉప్పన. డైరీలో రాసి కింద ఎర్ర గీత గీశాను: "రెండు నెలల వేడిలో ఉన్నా నీళ్లు చెడలేదు. పాత దీవెన బలం."

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. అందులో ఒకడు జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన వెల్డరు. నేను రిటైర్ కావడానికి కొద్ది నెలల ముందు అతను డ్యూటీలో తాగి దొరికాడు. ఇంకోసారి దొరికితే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తామని మేనేజర్ చెప్పాడు. ఆ మర్నాడు ఎలక్ట్రోడ్లు తీసుకోవడానికి నా కౌంటర్ దగ్గరికి వచ్చి, నా టేబుల్ మీది చిన్న సీసా చూశాడు. పొద్దున పని మొదలుపెట్టేముందు నేను అందులో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకుంటాను.

"గదేంది సార్, తీర్థమా?"

చెప్పాను. రెండు నెలల ఎండ సంగతి కూడా చెప్పాను. అతను సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"గంత ఎండల ఉండి గూడ చెడిపోలేదా? గట్లయితే నన్ను గూడ చెడిపోనియ్యది. నాకు జెరన్ని పొయ్యి సార్."

అతను హిందువు. ఎములాడ రాజన్న భక్తుడు. మావాడు కానివాడికి ఇవ్వొచ్చా అని నాకు సందేహం వచ్చింది. కానీ మా నాన్న ఊళ్లో అడిగినవాళ్లెవరికీ లేదనేవాడు కాదు. పోశాను. అప్పటి నుంచి డ్యూటీ దిగి రూమ్‌కు వెళ్లగానే, తోటివాళ్లు గ్లాసులు సర్దే వేళకు, ఇతను సీసా తీసి ఒక గుక్క తాగేవాడు. ఆ గుక్క తాగాక మందు ముట్టేవాడు కాదు. ఇక్కడ సెలవు రోజైన ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఖాళీ బాటిల్‌తో మా ఇంటికి వచ్చేవాడు. సార్ పోయి పెద్దబాపు అయ్యాను. మా ఆవిడ పెద్దమ్మ అయింది. గుడిలో కూడా నీళ్లు దొరుకుతాయి కదా అని అతను ఒకసారి అడిగితే, "ఆ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అలా రెండేళ్లు గడిచాయి.

ఇక ఆ శుక్రవారం. పూజ నుంచి వచ్చాం. మా ఆవిడ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. నేను ఫాదరు గారి మీద విరుచుకుపడుతున్నాను.

"పన్నెండు సెకన్లు. చూశాను. రోజరీలకీ టయోటా తాళాలకీ కలిపి పన్నెండు సెకన్లు."

"పూజలో వాచీ చూసుకునేవాళ్లకి గంటసేపు దీవించినా ఏం ఒరుగుతుందండీ?" అంది ఈనెలు తీస్తూ.

"నవ్వుకో. మన డబ్బా ఉంది కాబట్టి సరిపోయింది. ఆ ఎండాకాలం చూశావుగా. చుక్క చెడిందా?"

ఆమె చెయ్యి ఆగింది. చిక్కుడుకాయను విరవకుండా అలాగే పట్టుకుంది.

"ఆ సంగతి మీకు చెప్పలేదు కదూ."

"ఏ సంగతి?"

"నేను ముందొచ్చాను కదా అప్పుడు. డబ్బా నిండా పచ్చగా పాచి. మూత తీస్తే చేపల బుట్ట తెరిచినట్టు కంపు. పారబోశాను."

మెదడు ముందు పట్టుకున్నది పిచ్చి ప్రశ్న.

"సింకులోనా?"

"అంత తెలీనిదాన్నా? దీవించిన నీళ్లు మట్టిలో పోయాలని మా అమ్మ చెప్పలేదా? కరివేపాకు కుండీలో పోశాను. డబ్బా సబ్బుతో కడిగి, ఎండబెట్టి, ట్యాపు నీళ్లు నింపాను. వచ్చి ఖాళీ డబ్బా చూస్తే మీరు రెండు రోజులు అన్నం మానేస్తారు. స్కూల్ మొదటి వారం, నాకు ఓపికెక్కడిది? తర్వాత చెబుదామనుకున్నా. మీరేమో వచ్చి మూత తీసి అద్భుతం అని ఒకటే సంబరం. ఇక ఏం చెప్పను?"

"మరి ఉప్పన?"

"చిటికెడు వేశాను."

"ఏ ఉప్పు?"

"ఏ ఉప్పేంటండీ? పప్పులో వేసే ఉప్పు."

నేను లేచి గదిలోకి వెళ్లి ఆ ఏడాది డైరీ తీశాను. ఎర్ర గీత అలాగే ఉంది. ఆ తర్వాతి పేజీల్లో నేను కలిపిన ప్రతి కొలతా ఉంది. ట్యాపు నీళ్లలో ట్యాపు నీళ్లు, ఎప్పుడూ సగానికి తక్కువే. ముప్పై ఏళ్లు పెట్టె విప్పకుండా ఒక్క సంతకం పెట్టినవాణ్ణి కాదు. దీనికి మాత్రం కళ్లు మూసుకుని పెట్టాను, పైగా ఎర్ర గీతతో. బాల్కనీలో కరివేపాకు మొక్క తలుపంత ఎత్తు పెరిగి ఉంది. ముసలి ఫాదరు గారి తొమ్మిది నిమిషాల దీవెనను నేను చారులో, పచ్చళ్లలో ఎప్పుడో తినేశాను.

అప్పుడు టైము చూశాను. ఒంటిగంట. నాలుగింటికి అతను వస్తాడు.

"అతనికేం చెప్పాలి?" అని అరిచినట్టే అన్నాను.

"ఏమీ చెప్పొద్దు. గుడికెళ్లి తొట్టిలో నీళ్లు తెచ్చి డబ్బాలో పోయండి. దీవించినవే కదా. అతను మందు మానాడు, అది చాలదా మనకి?"

"ఆ నీళ్లు వేరని నేనే చెప్పాను కదే."

"అయితే ఆ మాట కూడా మింగండి."

ఆమె చెప్పింది తేలిక దారి. మూడు గంటలు దాని చుట్టూ తిరిగాను. నిజం చెబితే అతను మళ్లీ తాగుతాడేమో. చెప్పకపోతే, దేవుడి పేరు మీద ఒక మనిషికి వారం వారం అబద్ధం పోసి ఇస్తాను. ఇంతకాలం తెలియక పోశాను. ఈ రోజు నుంచి తెలిసి పోయాలి. అది నా వల్ల కాలేదు.

నాలుగుకు బెల్లు మోగింది.

"పెద్దబాపు, బాటిల్ ఖాళీ. ఏంది, మొకం గట్ల వెట్టినవ్? పానం మంచిగ లేదా?"

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పాచి, కరివేపాకు కుండీ, ట్యాపు, ఉప్పు. అతను బాటిల్‌ను రెండు చేతుల మధ్య తిప్పుతూ విన్నాడు. వెల్డింగ్ నిప్పురవ్వలు పడ్డ మచ్చలు మోచేతుల దాకా ఉంటాయి అతనికి.

"ఉత్త నీళ్లా?"

"ఉత్త నీళ్లే."

"ఉప్పు?"

"ఇంట్లో ఉప్పు."

"ఇంట్ల ఉప్పు మా రూమ్‌ల గూడ ఉన్నది గదా."

"తప్పు నాది బాబూ, ఆయనకేం తెలీదు" అంది మా ఆవిడ వంటగది గుమ్మంలోంచి.

"నువ్వు ఊకో పెద్దమ్మ."

నేను మూడు గంటలుగా కూడబెట్టుకున్న మాట ఒకటుంది. అది ఇప్పుడు అన్నాను. "అంటే రెండేళ్లు నువ్వే మానావు. నీళ్ల వల్ల కాదు. ఆ బలం నీదే."

అతను సంతోషిస్తాడనుకున్నాను. అతని ముఖం పాలిపోయింది.

"నా బలమా? నా బలమెంతనో నాకెరికె లేదా పెద్దబాపు? చెల్లె పెండ్లిల పందిట్ల బోర్లవడ్డోన్ని. నా బలం మీద ఇడిసిపెడితే పొద్దుమూకేదాక గూడ ఆగ. ఇన్నొద్దులు నా ఎనుక ఒకలున్నరనుకున్న. ఎవ్వలు లేరంటున్నవ్. మరి రేపు డ్యూటీ దిగినంక నన్నెవలు ఆపాలె?"

నేను నా తప్పు ఒప్పుకుని తేలికపడదామనుకున్నాను. అతను ఆనుకుని నిలబడిన గోడనే లాగేశానని అప్పుడు తెలిసింది. అతను లేచాడు. బాటిల్ టేబుల్ మీదే ఉంది. రెండేళ్లలో ఒక్కనాడూ బాటిల్ వదిలి వెళ్లలేదు.

మా ఆవిడ నా భుజం మీద గట్టిగా పొడిచింది. "ఒక్కణ్ణే పంపకండి. గుడికి తీసుకెళ్లండి."

డబ్బా ఎత్తి కారు డిక్కీలో పెట్టుకున్నాను. అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. దారిలో ఒక్క మాట అన్నాడు. "మా అవ్వ నా పేరు మీద మొక్కుకోని రాజన్న కాడ కోడెను గట్టేసింది. గప్పుడు గూడ ఆర్నెల్లు ఆగిన."

ఫాదరు గారు సాయంత్రం పూజకు ముందు ఆఫీసు గదిలో ఒక్కరే ఉన్నారు. ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పాను. పప్పులో ఉప్పు దగ్గర ఆయనకు నవ్వొచ్చింది. పక్కన నిలబడ్డవాడి ముఖం చూసి ఆపేసుకున్నారు.

"డబ్బా కార్లో ఉంది ఫాదర్. మీరు పాత పద్ధతిలో దీవించాలి. ఉప్పుతో. ఆ పుస్తకం దొరికితే."

"దొరకడమేంటి అంకుల్, నా అలమరలోనే ఉంది. ఉప్పు కొత్త పుస్తకంలోనూ ఉంది, ఎవరూ అడగరు. మీరు అడిగి ఉంటే ఎప్పుడైనా చదివేవాణ్ణి. ఇన్నేళ్లలో మీరు ఒక్కసారి అడగలేదు."

ఆ రోజు నాకు అది రెండో దెబ్బ. నిజమే. ఆయన మీద నేను డైరీలో రాసిన ఫిర్యాదులు కలిపితే ఒక పుస్తకం అవుతుంది. ఆయన దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడిగిన రోజు మాత్రం అందులో లేదు.

వెల్డరు నా మోచెయ్యి తట్టాడు. "ఏమంటుండు?"

"నీళ్లు మళ్లీ దీవిస్తానంటున్నారు. పాత పద్ధతిలోనే. అసలైనవి."

"నీళ్లకెందుకు? నీళ్లు తాగుతయా మందు? నాకు చెయ్యమను."

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి తడబడ్డాను. పైగా "ఇతను మనవాడు కాదు ఫాదర్" అని కలిపాను.

"దీవెనకి బతాకా చూపించక్కర్లేదు అంకుల్" అన్నారాయన. బతాకా అంటే ఇక్కడ మా అందరి జేబుల్లో ఉండే రెసిడెంట్ కార్డు. "పాత పుస్తకంలో గురువు నీళ్లతో మాట్లాడతాడు. కొత్తదాంట్లో ఆ నీళ్లు వాడే మనిషి గురించి దేవుడితో మాట్లాడతాడు. మీకు పొట్టిగా అనిపించింది, నిజమే, నేను కూడా హడావిడిగా చేస్తున్నానేమో. ఈయన అడుగుతున్నది అదే కదా, చేద్దాం."

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతులూ తల మీద పెట్టారు. ముందు పుస్తకంలోంచి. తర్వాత పుస్తకం మూసి హిందీలో. మధ్యలో హిందీ చాలక మలయాళంలో. వెల్డరు కుర్చీ చేతులు పట్టుకుని, పన్ను పీకించుకునేవాడిలా కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అయిపోయాక నాకు అలవాటుగా వాచీ మీదికి చూపు పోయింది. మొదలైనప్పుడు చూడటం మర్చిపోయాను. ఆ రోజు డైరీలో నిమిషాలు లేవు.

బయటికి వచ్చాక అడిగాను, "ఏమర్థమయింది?"

"సగం సమజ్ కాలే. రేపు డ్యూటీ దిగంగనే ఫోన్ చెయ్యమన్నడు, గది సమజయింది. నంబర్ ఇచ్చిండు." ఫోన్ తీసి నాకు చూపించాడు. "చెయ్యకపోతే ఆయనే చేస్తడట. గిదేం తీర్థమో పెద్దబాపు, రింగ్ గొడ్తది."

అతన్ని రుసైల్‌లో రూమ్ దగ్గర దింపి ఇంటికి వచ్చాక గానీ డిక్కీలో డబ్బా ఉందని గుర్తు రాలేదు. పైకి మోసుకొచ్చి హాల్లో పెట్టి, ఈ నీళ్లు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. దీవించినవి కావని తెలిసినా సింకులో పొయ్యడానికి చెయ్యి రాలేదు.

"కరివేపాక్కి పోయండి. దానికి అలవాటే" అంది మా ఆవిడ.

నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. రెండు వారాల తర్వాత ఫాదరు గారి దగ్గరికి వెళ్లి, సిగ్గు విడిచి అడిగాను. పాత పుస్తకం తీసి, ఉప్పుతో సహా మొత్తం చదివారు. అక్కడక్కడ లాటిన్ తడబడింది. నాకు మా నాన్న పుస్తకం పట్టుకుని నిలబడ్డట్టే ఉంది. ఆ నీళ్లు ఒక చిన్న సీసాలో నా టేబుల్ మీద ఉన్నాయి. దీంట్లో నేను ఏమీ కలపడం లేదు. చెడితే చెడతాయి.

వెల్డరు శుక్రవారాలు వస్తూనే ఉన్నాడు. బాటిల్ తీసుకెళ్లమంటే, "ఉండనియ్యి" అంటాడు. మొదటి మూడు వారాలు నేను అతని కళ్లు, నడక, చేతుల వణుకు చూసేవాణ్ణి. నాలుగో వారం నాలుగు దాటింది, ఐదు దాటింది, రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేను బాల్కనీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను. మా ఆవిడ కూడా వంట ఆపి వచ్చి బాల్కనీలోంచి కిందికి చూసింది. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

ఐదున్నరకు బెల్లు. తలుపు తీశాను. అతను చెప్పులు విప్పడానికి వంగాడు. నేను కూడా, తెలియకుండానే, కొద్దిగా ముందుకు వంగాను.

అతను తల ఎత్తాడు. "వాసన చూస్తున్నవా పెద్దబాపు?"

నా చెవులు వేడెక్కాయి.

"చూడు, మంచిగ చూడు" అని నా ముఖం మీద బలంగా హా అని ఊదాడు. పచ్చి ఉల్లిపాయ ఘాటు. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. "బస్సు పోయింది. ఫోన్ చార్జింగ్ ఒడిసింది. నడిసచ్చిన. పెద్దమ్మా, దూప అయితంది, నీళ్లియ్యి."

"ఏ నీళ్లు?" అంది మా ఆవిడ లోపలి నుంచి.

"చల్లటియి."